పాత చైనా కత్తులు, కవచాలు సేకరించడం ఎలా: మొదటిసారి కొనేవాళ్ల కోసం

చైనా కత్తి అనగానే మనకు గుర్తొచ్చేది కుంగ్‌ఫూ ప్రదర్శనల్లో గలగలమంటూ ఊగే పల్చటి రేకు, దాని పిడికి కట్టిన ఎర్ర గుడ్డ. నిజంగా సైనికుడి నడుముకు వేలాడిన కత్తి అలా ఊగదు. పిడి దగ్గర దాని వెన్ను 6, 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువే. అక్కడి నుంచి మొన దాకా కొద్దికొద్దిగా పల్చబడుతూ పోతుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో ఉంటే ఆన్‌లైన్‌లో ‘యాంటిక్’ పేరుతో కనబడే సరుకులో చాలాభాగాన్ని మీరే పక్కన పెట్టేయగలరు.

జపాన్ కత్తులు సేకరించేవాళ్ల పని కొంత సులువు. పిడి విప్పితే లోపల కమ్మరి సంతకం ఉండొచ్చు, నిపుణుల సంఘాలు సర్టిఫికెట్లు ఇస్తాయి. చైనా కత్తుల్లో సంతకాలు అరుదు. పిడి విప్పడం కూడా తేలిగ్గా కుదరదు, ఎందుకంటే అలుగు (పిడి కాకుండా మిగిలిన ఉక్కు భాగం) తాలూకు కడ్డీ పిడి గుండా వెళ్లి, చివరి బిళ్ళ మీద సుత్తితో అణగ్గొట్టి ఉంటుంది. కాబట్టి సాక్ష్యం అంటూ ఉంటే అది వస్తువులోనే ఉండాలి. అమ్మేవాడు చెప్పే కథను, ఒర మీది డ్రాగన్‌ను కాదు, ముందు ఉక్కును చూడటం నేర్చుకోండి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఏం కొనాలో ముందు తేల్చుకోండి

మార్కెట్లో దొరికే అసలు వస్తువుల్లో ఎక్కువ చింగ్ వంశ కాలానివి, అంటే 1644 నుంచి 1912 మధ్యవి. అందులోనూ 18, 19 శతాబ్దాలవే ఎక్కువ. అంతకుముందున్న మింగ్ కాలం ఆయుధాలు చాలా అరుదు. ‘మింగ్ కత్తి’ అని ఎవరైనా తక్కువ ధరకు చూపిస్తే నవ్వి ఊరుకోండి. ఇంకా వెనక్కి వెళ్లి షాంగ్, ఝౌ కాలాల కంచు ఆయుధాల జోలికి మాత్రం మొదట్లో అస్సలు పోవద్దు. 1965లో హుబెయ్ రాష్ట్రంలో బయటపడిన గోజియెన్ రాజు కత్తి రెండు వేల ఏళ్లు దాటినా పదునుతో ఉందన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఆ పేరు చెప్పుకుని అమ్ముడుపోయే నకిలీ కంచు కత్తులకు లెక్కే లేదు. ఒకవేళ అసలుదే దొరికినా అది దొంగ తవ్వకాల్లో బయటికొచ్చిన వస్తువై ఉండే ప్రమాదం ఎక్కువ.

చైనావాళ్లు ఒంటి వాదర (పదును అంచు) కత్తిని దావ్ అంటారు, రెండు వైపులా వాదర ఉన్న తిన్నని ఖడ్గాన్ని జియెన్ అంటారు. దావ్‌లలో మీకు తరచుగా తగిలేవి మూడు. మొన దగ్గర మాత్రమే కాస్త వంగేది యెన్‌మావ్‌దావ్, దీన్ని బాతు ఈకతో పోలుస్తారు. పొడవునా మెల్లగా వంపు తిరిగేది లియూయెదావ్, చింగ్ సైన్యంలో బాగా వాడినది ఇదే. మొన వైపు వెళ్లేకొద్దీ వెడల్పయ్యేది నియూవేదావ్. సినిమాల్లో, ప్రదర్శనల్లో చూసే ఆకారం ఇదే, కానీ ఇది సైన్యానికి ఇచ్చిన కత్తి కాదు. 19వ శతాబ్దంలో ఊళ్లలో కాపలాదారులు, కసరత్తులు చేసేవాళ్లు, దారిదోపిడీ గాళ్లు వాడినది.

కొత్తవాళ్లకు నా సలహా: మామూలు సైనికుడి లియూయెదావ్ గానీ, ముతక పనితనం ఉన్న నియూవేదావ్ గానీ కొనండి. ఒర లేకపోయినా ఫర్వాలేదు. వీటిని కొన్ని వందల డాలర్లలో పట్టుకోవచ్చు. అధికారుల కత్తులు వేలల్లో ఉంటాయి. 18వ శతాబ్దపు చింగ్ చక్రవర్తి చియెన్‌లుంగ్ కోసం చేసిన కత్తులు హాంకాంగ్ వేలాల్లో కోట్లు పలికాయి కాబట్టి వాటిని ఫొటోల్లో చూసి ఆనందిద్దాం.

జియెన్ మీద అందరికీ మోజు ఉంటుంది. అందుకే నకిలీలూ, టూరిస్టు సరుకూ అందులోనే ఎక్కువ. మొదటి కొనుగోలుగా దాన్ని ఎంచుకోకండి. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు జంట కత్తులు హూదియెదావ్ అందంగా ఉంటాయి, ఒకే ఒరలో రెండూ దూరతాయి. దాని కోసం రెండు పిడులనూ ఒక పక్క చదునుగా, సగానికి కోసినట్టు చేస్తారు. ‘జంటలోది ఒకటే మిగిలింది’ అని చెప్పి అమ్మే కత్తికి ఆ చదును లేకపోతే అది జంటలోది కాదన్నమాట. రెండు చేతులతో పట్టుకునే బరువైన దాదావ్ 20వ శతాబ్దపుది. 1933లో చైనా గోడ దగ్గర షిఫెంగ్‌కౌ పోరులో 29వ సైన్యం జపాన్ సేనల మీద వాడటంతో పేరు మోగింది. చరిత్ర గొప్పదే, కానీ వీటిలో చాలావాటికి ఇంకా వందేళ్లు నిండలేదు. 

ఎవరూ పట్టించుకోనివి ఈటె మొనలు. కర్రలు విరిగి పోయాయి, ఇనుప మొనలు మిగిలాయి. చైనా సైనికుల్లో చాలామంది చేతిలో ఉన్నది ఈటే అయినా సేకరణలో దానికి గిరాకీ లేదు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు ఇది మంచి దారి.

కొనే ముందు కళ్లకు తర్ఫీదు

కనీసం కొన్ని నెలలు ఏమీ కొనకుండా చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన ఆయుధాల ఫొటోలను, కొలతలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అక్కడ చైనా, టిబెట్ కత్తులు, కవచాలు బాగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఉన్న రాయల్ ఆర్మరీస్‌లో యోంగ్‌లె చక్రవర్తి కాలపు, అంటే 15వ శతాబ్దం తొలినాళ్ల జియెన్ ఒకటి ఉంది. దాని పిడి మీది బంగారు పనిలో టిబెట్ బౌద్ధపు ఛాయ స్పష్టంగా కనబడుతుంది. ప్యారిస్ సైనిక మ్యూజియంలో చియెన్‌లుంగ్ కవచం ఉంది, 1860లో బీజింగ్ వేసవి ప్రాసాదాన్ని దోచినప్పుడు ఫ్రెంచి సైన్యం తెచ్చినది.

ఇంకో గొప్ప ఆధారం చియెన్‌లుంగ్ 1759లో తయారు చేయించిన సచిత్ర నియమావళి. ఏ హోదా వాడికి ఎలాంటి కత్తి, ఎలాంటి కవచం, ఎలాంటి విల్లు ఉండాలో బొమ్మలతో చూపిస్తుంది. దాని పేజీలు మ్యూజియం సైట్లలో చూడొచ్చు. అమ్మేవాడు ‘సేనాపతి కత్తి’ అన్నప్పుడు ఆ బొమ్మల పక్కన పెట్టి చూడండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఒక పూట గడపండి. అక్కడివి ఎక్కువగా భారతీయ, పర్షియా ఆయుధాలే. అయినా పాత ఉక్కు మీద వెలుతురు ఎలా జారుతుందో, వందల ఏళ్ల నాటి తుప్పు ఏ రంగులో ఉంటుందో తెలుస్తుంది. ఆ చూపు చైనా కత్తికీ పనికొస్తుంది.

చేతిలోకి తీసుకున్నాక

దగ్గర ఉండాల్సినవి: వెర్నియర్ కాలిపర్, చిన్న టార్చి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, అయస్కాంతం, టేపు. కత్తిని ఒరలోంచి తీసేటప్పుడు వాదర పైకి ఉండేలా పట్టుకుని, ఒరను వెన్ను వైపు నుంచి పట్టుకోండి. పాత ఒరల అతుకులు ఊడి ఉంటాయి, వాదర వైపు వేళ్లుంటే తెగుతాయి.

మొట్టమొదట మందం కొలవండి. వెన్ను మీద మూడు చోట్ల: పిడి పక్కన, మధ్యలో, మొనకు నాలుగు వేళ్ల దూరంలో. 7, 5, 3 మిల్లీమీటర్లు అని వస్తే మనసు కుదుటపడుతుంది. 4, 4, 4 అని వస్తే అది రేకులోంచి కోసిన కొత్త సరుకు. ఫొటోలో ఈ తేడా తెలియదు కాబట్టి ఆన్‌లైన్‌లో కొంటుంటే వెన్నును పైనుంచి తీసిన ఫొటో అడగండి. కాలిపర్ పెట్టి తీసిన ఫొటో ఇంకా మంచిది. అడిగితే విసుక్కునే వ్యాపారి దగ్గర కొనొద్దు. చింగ్ సైనిక కత్తుల అలుగు సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్ల పొడవుంటుంది, బరువు ఒక కిలో లోపే. రెండు కిలోల ‘యుద్ధ ఖడ్గం’ అంటే గోడకు తగిలించేందుకు చేసినదే.

తర్వాత ఉక్కు పొరలు. చైనా కమ్మరులకు ఎక్కువ అలవాటైన పద్ధతి ఇది: రెండు మెత్తని ఇనుప పలకల మధ్య ఒక గట్టి ఉక్కు పలకను పెట్టి కొలిమిలో కలిపి కొట్టడం. లేదా అలుగు అంచులో గట్టి ఉక్కు బద్దను చొప్పించడం. గట్టి ఉక్కు పదును నిలబెడుతుంది, మెత్తని ఇనుము విరగకుండా కాస్తుంది. టార్చిని అలుగుకు పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి వెలిగించండి. వాదరకు ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు పైన ఒక గీత కనబడాలి. గీతకు కింద ఉక్కు కాస్త ముదురు బూడిద రంగులో, నున్నగా ఉంటుంది. పైన ఇనుము చెక్క రేఖల్లా సాగి కనబడుతుంది. ఆ గీత తిన్నగా గీసినట్టు ఉండదు, ఒకచోట వాదరకు దగ్గరగా, ఇంకోచోట దూరంగా పోతుంది. మొన దగ్గర పదేపదే సానబట్టి ఉంటే అక్కడ గట్టి ఉక్కు దాదాపు అరిగిపోయి ఉండొచ్చు. భూతద్దం కింద ఈ సరిహద్దును ఒకసారి సరిగ్గా చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు. నాకైతే చైనా కత్తిలో ఇంతకన్నా అందమైన చోటు లేదు.

దీనికి భిన్నంగా అలుగంతా నల్లా తెల్లా చారలతో జీబ్రాలా మెరిసిపోతుంటే అది ఈమధ్య యాసిడ్ పోసి తేల్చిన చౌక డమాస్కస్ ఉక్కు. మన తెలంగాణ కొనసముద్రం వూట్జ్ ఉక్కు మీది నీటి అలల గుర్తుల్ని చైనా కత్తుల మీద వెతక్కండి. వూట్జ్‌ను మూసలో కరిగించి చేస్తారు, చైనా పద్ధతి పొరలు కలిపి కొట్టడం.

పగుళ్లను రెండు రకాలుగా చూడాలి. అలుగు పొడవునా పోయే సన్నని చీలికలు పొరలు సరిగా అతకని చోట్లు. పాత కత్తుల్లో అవి మామూలే, ధర కాస్త తగ్గుతుంది అంతే. వాదరకు అడ్డంగా, వెంట్రుకలా సన్నగా పైకి పోయే పగులు మాత్రం ప్రమాదం. అది నీళ్లలో ముంచి గట్టిపరిచేటప్పుడు గానీ, దెబ్బ తగిలి గానీ వస్తుంది, ఎప్పటికైనా పెరుగుతుంది. అలాంటిది ఎంత అందంగా ఉన్నా దింపేయండి.

తుప్పు కూడా సాక్ష్యమే. పాత తుప్పు ముదురు గోధుమ రంగులో లేదా నల్లగా ఉంటుంది, గట్టిగా పట్టుకుని ఉంటుంది, తెల్ల గుడ్డతో తుడిస్తే పెద్దగా రాదు. గుంటలు ఒకచోట లోతుగా, ఇంకోచోట అసలు లేకుండా ఉంటాయి. ఒరలో తేమ నిలిచే చోట, రక్తమో చెమటో అంటిన చోట ఎక్కువ తిని ఉంటుంది. నకిలీ తుప్పు నారింజ రంగులో, అలుగంతా ఒకే మోతాదులో ఉంటుంది. చేత్తో తడిమితే అంటుకుంటుంది. వాసన కూడా చూడండి. నవ్వొచ్చే సలహాలా ఉంటుంది గానీ, కొత్త వార్నిష్, షూ పాలిష్ వాసనలు ఎన్నో గుట్లు బయటపెడతాయి.

చివరగా పిడి. పిడి చివర బిళ్ళ మీద కడ్డీని అణగ్గొట్టిన బుడిపె నల్లబడి, చేతి రాపిడికి నున్నగా అయి ఉండాలి. బుడిపె కొత్తగా మెరుస్తుంటే ఎవరో పిడి విప్పి మళ్లీ బిగించారు. నట్టు కనబడితే ఆధునికం. పిడికి చుట్టిన దారం మాత్రం కొత్తదైనా తప్పు పట్టకండి. అది చెడిపోయేదే, అప్పట్లోనే మార్చేవాళ్లు. చెక్క ఎండి కుంచించుకుపోయి ఇనుప తొడుగుల దగ్గర సందు వచ్చి ఉంటే అది మంచి సూచన. కొన్ని కత్తులకు పిడి పక్కన వాదరను చుట్టి ఒక లోహపు పట్టీ ఉంటుంది, దాన్ని తున్‌కౌ అంటారు. దాని అంచు దగ్గర తుప్పు లోపలికి కొనసాగాలి. పట్టీ చుట్టూ మాత్రమే శుభ్రంగా ఉంటే దాన్ని తర్వాత తగిలించారని అనుమానించాలి.

ఒర ఉంటే పిడి బిళ్ళలూ ఒర బిళ్ళలూ ఒకే తీరులో ఉన్నాయా చూడండి. కోణాలు దేరినవి ఒక తీరు, గుండ్రటివి ఒక తీరు. పిడికి ఒకటి, ఒరకు ఇంకొకటి ఉంటే ఎక్కడివో రెండు కత్తుల భాగాలను కలిపారన్నమాట. అలుగు ఒరలోకి చివరి దాకా దిగాలి. మొన వైపు అర జానెడు ఖాళీ మిగిలితే ఆ ఒర దీనిది కాదు.

మోసాలు, మోసం కాని పొరపాట్లు

అసలు కాదన్నవన్నీ మోసాలు కావు. ఝెజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చువాన్ తరతరాలుగా కత్తులకు పేరున్న ఊరు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో విదేశీ పర్యాటకులకు అమ్మడానికి ఆ ఊరి పేరు చెక్కిన పల్చటి జియెన్‌లు బోలెడు తయారయ్యాయి. ఒక పక్క డ్రాగన్, ఇంకో పక్క ఫీనిక్స్ పక్షి, ఒరకు తాబేటి చిప్ప, ఇత్తడి రేకులు. వయసు వందేళ్లు ఉండొచ్చు, కానీ అవి ఆయుధాలు కావు, జ్ఞాపికలు. ఆ ధరకే కొనాలి. తాబేటి చిప్ప ఉంటే అంతర్జాతీయ వన్యప్రాణి నిబంధనలు కూడా అడ్డొస్తాయి. అలుగు మీద ఏడు ఇత్తడి చుక్కలు సప్తర్షి మండలానికి గుర్తు. అవి మంచి పాత జియెన్‌ల మీదా ఉంటాయి, టూరిస్టు సరుకు మీదా ఉంటాయి. వాటిని బట్టి ఏదీ తేల్చలేం.

రాగి నాణేలు ఎర్ర దారంతో అల్లిన కత్తి ఇంట్లో దిష్టికి కట్టుకునేది. ‘చియెన్‌లుంగ్ కాలంలో చేసినది’ అని చైనా అక్షరాల్లో చెక్కిన సైనిక కత్తి కనబడితే జాగ్రత్త, మామూలు సైనికుల కత్తుల మీద చక్రవర్తి పేరు వేసే అలవాటు లేదు. ముత్యపు చిప్ప పొదిగిన ఒర ఉన్న కత్తిని చైనాదని అమ్ముతారు గానీ అది ఎక్కువగా వియత్నాం పనితనం. పిడి దగ్గర చేతిని కాచే గార్డు లేకుండా, పొడుగాటి గుండ్రటి పిడితో వచ్చేది బర్మా వాళ్ల కత్తి ధా.

కొత్తగా వచ్చే నకిలీలు మాత్రం గట్టివి. పొరల ఉక్కు కొట్టడం తెలిసిన కమ్మరులే చేస్తున్నారు. మందం తగ్గుదల, పొరలు, తుప్పు, పిడి, ఒర, ఈ ఐదింటిలో నాలుగు సరిపోయి ఒకటి పొసగకపోతే ఆ ఒక్కదాని మాటే వినండి.

కవచాలు

చింగ్ కవచం చూడ్డానికి బట్టలా ఉంటుంది. పట్టు లేదా నూలు కోటు, దాని మీద వరసగా ఇత్తడి మేకుల తలలు. పాత పోరాట కవచాల్లో ఆ మేకులు లోపల వరసగా పేర్చిన ఇనుప పలకలను పట్టుకుని ఉంటాయి. 18వ శతాబ్దం నుంచి ఉత్సవాల కోసం చేసినవాటిలో పలకలు లేవు, మేకులు అలంకారానికే. చియెన్‌లుంగ్ సైన్య ప్రదర్శనల కోసం హాంగ్‌ఝౌ పట్టు కర్మాగారంలో వేల సంఖ్యలో ఇలాంటివి కుట్టించాడు. చింగ్ సైన్యంలోని ఎనిమిది పటాలాలకు పసుపు, తెలుపు, ఎరుపు, నీలం రంగులు, అవే రంగులు అంచు పట్టీలతో. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు వీటి భాగాలే: విడి లంగా, భుజం ముక్క, చంక ముక్క. పూర్తి జత దొరకడం కష్టం.

పరీక్ష తేలిక. బట్ట పైనుంచి చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి వేలాడదీయండి. ఇనుప పలకలుంటే అటు లాగుతుంది. అస్తరు విప్పి చూడకండి, పాత పట్టు చేయి తగిలితేనే పొడి అవుతుంది. వీపు మీద జెండాలు గుచ్చుకునే ఏర్పాటు, పొలుసుల్లా దట్టమైన కుట్టుపని ఉంటే అది బీజింగ్ నాటకాల్లో సేనాపతి వేషం. దాన్ని కవచమని అమ్మడం పాత ముచ్చటే.

శిరస్త్రాణాలు ఇనుపవి, లక్క పూసిన తోలువి రెండూ ఉన్నాయి. పైన ఈకల కుచ్చు పెట్టుకునే గొట్టం ఉంటుంది. గొప్పవాళ్ల శిరస్త్రాణాల మీద బంగారంతో సంస్కృత మంత్రాక్షరాలు పొదుగుతారు. చింగ్ చక్రవర్తులు టిబెట్ బౌద్ధాన్ని ఆదరించడం వల్ల వచ్చిన అలవాటిది, లిపి నేపాల్ రంజన లిపికి బంధువు. మన దేవనాగరి చదివినవాళ్లకు ఆ అక్షరాలు పరిచయస్తుల్లా కనబడతాయి. నకిలీల మీద మాత్రం అవి అక్షరాలు కాకుండా వట్టి గీతలై ఉంటాయి. ఇక్కడ మనకున్న చిన్న మొగ్గును వాడుకోండి.

విల్లుల్ని మొదట్లో వదిలేయండి. కొమ్ము, నరాలు, వెదురు జిగురుతో అతికించిన చింగ్ విల్లు మన వాతావరణంలో నిలబడదు. విలుకాళ్ల బొటనవేలి ఉంగరాలు చవగ్గా దొరుకుతాయి గానీ వాటిలో చాలావాటితో ఎవరూ ఎప్పుడూ బాణం వేయలేదు.

చట్టం దగ్గర జాగ్రత్త

మీరు భారత్‌లో ఉంటే ముందు ఇది చదవండి. 1959 ఆయుధాల చట్టం కింద కత్తులు, ఈటెలు, వంటకూ వ్యవసాయానికీ కాకుండా 9 అంగుళాల కన్నా పొడవైన అలుగున్న చాకులూ ఆయుధాల జాబితాలో ఉన్నాయి. విదేశం నుంచి ఆయుధం తెప్పించడానికి లైసెన్స్ కావాలి. పురాతన వస్తువులకు చట్టంలో కొంత సడలింపు ఉన్నా, అది మీ కత్తికి వర్తిస్తుందో లేదో కస్టమ్స్ కౌంటర్ దగ్గర వాదించుకునే టెన్షన్ తెచ్చుకోకండి. కొనక ముందే లాయర్‌నూ, స్థానిక పోలీసులనూ అడిగి రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇంకో చిక్కు: వందేళ్లు దాటిన పురావస్తువును దేశం నుంచి ప్రైవేటు వ్యక్తులు బయటికి పంపడానికి 1972 చట్టం ఒప్పుకోదు. లోపలికి తెచ్చుకున్నది మళ్లీ లండన్ వేలంలో అమ్ముదామంటే కుదరదు. కవచం ముక్కలు, శిరస్త్రాణాలతో మొదలుపెట్టేవాళ్లకు ఆయుధాల లైసెన్స్ తలనొప్పి తక్కువ.

బ్రిటన్‌లో 50 సెంటీమీటర్ల కన్నా పొడవైన వంపు కత్తుల అమ్మకం, దిగుమతి మీద 2008 నుంచి నిషేధం ఉంది. వందేళ్లు దాటినవాటికి, 1954కు ముందు చేసినవాటికి మినహాయింపు.  ఏనుగు దంతం పిడి ఉన్న ఏ వస్తువైనా బ్రిటన్, అమెరికా, భారత్ మూడు చోట్లా చిక్కే. అమెరికాలో 2009 నుంచి టాంగ్ వంశం దాకా, అంటే 907 వరకు ఉన్న చైనా పురావస్తువుల దిగుమతికి పత్రాలు అడుగుతారు. కంచు ఆయుధాలకు దూరంగా ఉండమనడానికి ఇదీ ఒక కారణం. చైనా నుంచి నేరుగా తెప్పించుకోవాలని చూడకండి. 1911కు ముందువాటిని బయటికి పంపడానికి అక్కడ అనుమతి ఉండదు. ‘అసలుది, షాంఘై నుంచి పోస్టులో పంపిస్తా’ అన్నాడంటే అది కొత్తదై ఉండాలి, లేదంటే దొంగదారిలో వచ్చేదై ఉండాలి.

కథలు, కాగితాలు

మంచి కత్తులు చైనా బయటే ఎక్కువ దొరకడానికి కారణాలు చేదుగా ఉంటాయి. నల్లమందు యుద్ధాలు, 1860 దోపిడీ, 1900లో ఎనిమిది దేశాల సైన్యం బీజింగ్‌లో చేసిన లూటీ. చైనాలో మిగిలినవాటిలో చాలా భాగం 1958లో మావో ప్రభుత్వం పెట్టించిన ఇంటింటి ఉక్కు కొలుముల్లో, తర్వాత సాంస్కృతిక విప్లవంలో పోయాయి. ఈ యుద్ధాల్లో మనవాళ్లకూ భాగం ఉంది. 1841 మే నెలలో కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌ఝౌ) దగ్గర సాన్‌యువాన్‌లి ఊరి పొలాల్లో బ్రిటిష్‌వాళ్ల 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫంట్రీ దళం ఒకటి కుండపోత వానలో దారి తప్పింది. తుపాకి మందు తడిసి పేలలేదు. ఈటెలు, కత్తులు పట్టిన రైతులు చుట్టుముడితే సిపాయిలు బయొనెట్లతో కాచుకున్నారు. మద్రాస్ సైన్యంలో తెలుగువాళ్లు బాగా ఉండేవాళ్లు. ఆ రోజు ఎదురుగా లేచినటువంటి ఈటె మొనలే ఇప్పుడు వేలాల్లో చిల్లర ధరకు పోతున్నాయి.

కాబట్టి ‘1860లో మా ముత్తాత తెచ్చాడు’ అన్న కథ నిజం కావచ్చు. దాన్ని నిలబెట్టేవి మాత్రం పాత సిరా చీటీ, ఒర మీద చెక్కిన పేరు, కుటుంబ ఉత్తరాలు, పాత వేలం కేటలాగు. అవి లేకపోతే కథకు విలువ కట్టకండి. రాజప్రాసాదం నుంచి తెచ్చిందని తేలిన వస్తువును నేనైతే కొనను. డబ్బు సంగతి అటుంచి, ఎప్పుడైనా వెనక్కి అడిగే హక్కు చైనావాళ్లకు ఉందనిపిస్తుంది. ఎవరి నిర్ణయం వాళ్లది.

వేలంలో కొనేటప్పుడు సుత్తి పడిన ధర మీద సంస్థ కమిషన్ పాతిక శాతం, ఇంకా పైన కూడా ఉంటుంది. రవాణా, పన్ను కలిపి ముందే పై హద్దు కాగితం మీద రాసుకోండి. ‘కత్తులు తీసుకెళ్లం’ అనే కొరియర్ కంపెనీలు ఉన్నాయి, పాట పాడక ముందే కనుక్కోండి. వ్యాపారి దగ్గరైతే బిల్లు మీద వస్తువు కాలం రాయించుకోండి. నోటితో ‘18వ శతాబ్దం’ అని, బిల్లులో ‘చైనా తరహా కత్తి’ అని రాస్తే అర్థమైపోతుంది.

ఇంటికి వచ్చాక

సానబట్టించకండి. వైరు బ్రష్, ఎమెరీ పేపరు ముట్టించకండి. పొరల గీత ఒక్కసారి అరిగిపోతే మళ్లీ రాదు. మొదటి పని మెత్తని నూలు గుడ్డతో దుమ్ము తుడవడం, తర్వాత కుట్టు మిషన్ ఆయిల్ పల్చగా రాయడం. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్లకు పాడైపోతుంది. ఎర్రటి తుప్పు ఇంకా తింటూ ఉంటే, నూనెలో ముంచిన అతి సన్నని స్టీల్ ఊల్‌తో ఆ చోట మాత్రమే మెల్లగా రుద్దండి. నల్లటి పాత తుప్పును వదిలేయండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మ్యూజియంలు వాడే మైనం పూస్తే సరిపోతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకాస్త తరచుగా చూసుకోవాలి. పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చండి.

కవచం బట్టను ఉతకడం, ఇస్త్రీ చేయడం అనే ఆలోచనే వద్దు. మడతలు పడకుండా, యాసిడ్ లేని కాగితం చుట్టలు లోపల పెట్టి పడుకోబెట్టండి. ఎండ తగలనివ్వకండి. మ్యూజియంలు పట్టు బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వవు, అంటే చదువుకోవడానికి కూడా చాలనంత.

ప్రతి వస్తువుకూ ఒక ఫైల్ పెట్టండి: అన్ని వైపుల ఫొటోలు, మూడు చోట్ల మందం, పొడవు, బరువు, బిల్లు, దిగుమతి కాగితాలు, అమ్మినవాడు రాసిన ఈమెయిళ్లు. ఇంట్లో ఇంకొకరికి దాని సంగతి చెప్పి ఉంచండి. ముఖ్యంగా పండగ ముందు ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమే వాళ్లకు, ఒర బిళ్ళలు ఆ గిన్నెల వరసలోవి కావని.